మీ ఇంటి ఆర్‌సీసీబీ నిజంగా పని చేస్తోందా? విశాఖవాసుల ప్రశ్నలు, జవాబులు

డీబీ (ఇంట్లోని లైన్లన్నిటికీ కరెంటు పంచే స్విచ్ పెట్టె) తలుపు తీస్తే ఎంసీబీల (లోడు మించితే పడిపోయే స్విచ్‌ల) వరస పక్కన కాస్త వెడల్పుగా ఉండే స్విచ్ ఒకటి కనిపిస్తుంది. దాని మీద ‘టీ’ అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. షాపులో దాన్ని ఈఎల్‌సీబీ అంటారు, బిల్లులో ఆర్‌సీసీబీ అని రాస్తారు. ఇప్పుడు అమ్మేదంతా ఆర్‌సీసీబీనే, అంటే కరెంటు భూమిలోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్. ఆ బటన్ ఎప్పుడు నొక్కాలి, నొక్కితే ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వానాకాలం మొదలవగానే అందరూ అడుగుతుంటారు. ముందే ఒక మాట చెప్పాలి. బటన్ నొక్కడం వరకే ఇంట్లోవాళ్ల పని. డీబీ కవర్ విప్పాల్సిన పని ఏదైనా వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లే చేయాలి.

ఎంసీబీలు ఉన్నాయి కదా, మళ్లీ ఇదెందుకు?

ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. గీజర్ లైనుకి 16 ఆంపియర్ల ఎంసీబీ వేశారనుకోండి, అంతకు మించి లోడు పడితేనో షార్ట్ అయితేనో అది పడుతుంది, అంటే దానంతటదే ఆఫ్ అవుతుంది. మనిషికి ప్రమాదం కావడానికి అంత కరెంటు అక్కర్లేదు. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కాసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. 230 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లంటే ఏడు వాట్ల బల్బు తీసుకునేంత. మనిషి కరెంటుకి అతుక్కుపోయి ఉన్నా ఎంసీబీకి అదొక చిన్న బల్బు వెలుగుతున్నట్టే లెక్క.

ఆర్‌సీసీబీ చూసేది వేరే. ఫేజు మీదుగా వెళ్లిన కరెంటూ న్యూట్రల్ మీదుగా తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని ఎప్పుడూ పోల్చుకుంటూ ఉంటుంది. లోపల రెండు తీగలూ ఒకే ఇనుప రింగు గుండా పోతాయి. రెండూ సమానమైతే రింగులో ఏమీ జరగదు. కొంత కరెంటు మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి పోతే ఆ తేడాకి రింగు స్పందించి స్విచ్‌ని పడేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్యలో ఎక్కడో పడాలి.

టెస్ట్ ఎలా చేయాలి?

ముందు కంప్యూటర్లో పని సేవ్ చేసుకోండి. ఇంట్లో ఎవరైనా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ లాంటి వైద్య పరికరం మీద ఉంటే దానికి వేరే ఏర్పాటు లేకుండా ఈ పని పెట్టుకోకండి. ఫ్యాను, లైటు ఆన్‌లోనే ఉంచండి, కరెంటు నిజంగా పోయిందో లేదో వాటితోనే తెలుస్తుంది.

బటన్‌ని వేలితో ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేయండి. పట్టుకుని ఉండొద్దు, లోపలి రెసిస్టర్ వేడెక్కుతుంది. ‘టక్’ మని శబ్దం వచ్చి పిడి కిందికి పడాలి. నొక్కిన క్షణంలోనే పడాలి, రెండోసారి నొక్కితే పడిందంటే అది పాస్ కాదు. తర్వాత ఇల్లంతా తిరిగి చూడండి. ఏ గదిలోనైనా ఏదైనా ఇంకా నడుస్తోందంటే ఆ లైను ఈ ఆర్‌సీసీబీ కింద లేదన్నమాట. చాలామంది ఈ తిరిగి చూసే పనే చేయరు. ఏసీ, గీజర్ లైన్లు తరచూ పడుతున్నాయని వాటిని ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకున్న ఇళ్లు మన ఊళ్లో బోలెడు. తడి చేత్తో ముట్టుకునే గీజర్‌కే రక్షణ లేకుండా చేశారంటే ఏమనాలి!

పిడి మళ్లీ పైకి ఎత్తితే నిలబడాలి. కొన్ని మోడళ్లలో ముందు పూర్తిగా కిందికి నొక్కి తర్వాత ఎత్తాలి. అలా చేయకుండా ‘ఎత్తినా నిలబడట్లేదు’ అని కంగారుపడి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్లు చేసేవాళ్లున్నారు.

బటన్ నొక్కితే అసలు పడకపోతే ఆ పరికరం మార్చాల్సిందే. రిపేరు చేయించే వస్తువు కాదది. మార్చేదాకా గీజర్, వాటర్ హీటర్ రాడ్, వాషింగ్ మెషీన్ వాడకండి.

ఎన్నాళ్లకోసారి నొక్కాలి?

చాలా కంపెనీలు నెలకోసారి అని పరికరం మీదే ముద్రిస్తాయి. గుర్తుండటం లేదంటే కరెంటు బిల్లు వచ్చిన రోజు నొక్కండి, అదీ నెలకోసారే కదా.

మన దగ్గర దీన్ని వాయిదా వేయకూడదనడానికి సముద్రం ఒక కారణం. పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలరిపేట, బీచ్ రోడ్ వైపు ఇళ్లలో బాల్కనీ గ్రిల్లు ఎంత తొందరగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. ఆ ఉప్పుగాలే డీబీలోకీ వెళుతుంది. వైర్‌మన్ కవర్ విప్పినప్పుడు చూస్తే న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) స్క్రూల చుట్టూ పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది, అది రాగి తుప్పు. ఆర్‌సీసీబీ లోపలి మెకానిజం చాలా సున్నితమైనది. ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోతే బిగుసుకుపోతుంది. నెలకోసారి పడేసి ఎత్తితే ఆ మెకానిజంకి కాస్త కదలికా ఉంటుంది. డీబీని సిటౌట్‌లోనో సముద్రం వైపు బాల్కనీలోనో పెట్టించుకున్నవాళ్లు వీలైతే లోపలి గోడకి మార్పించుకోండి.

బటన్ నొక్కితే పడింది. ఇంక ఇల్లంతా సేఫేనా?

కాదు. అసలు సమస్యంతా ఇక్కడే. ‘ఏటవదు సార్, నొక్కితే పడిపోతోంది కదా’ అని తేల్చేసే ఎలక్ట్రీషియన్ మాట మీద నమ్మకం పెట్టుకుని ఊరుకోవద్దు.

బటన్ నొక్కినప్పుడు పరికరం లోపలే ఒక రెసిస్టర్ గుండా కొంచెం కరెంటు రింగుని తప్పించుకుని పోతుంది. దాంతో లోపల కృత్రిమంగా తేడా పుడుతుంది, స్విచ్ పడుతుంది. ఆ కరెంటు మీ ఎర్త్ వైరు దరిదాపులకి కూడా వెళ్లదు. ఎర్త్ వైరు తెగిపోయి ఉన్నా, అసలు ఎర్త్ పిట్టే (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) లేకపోయినా బటన్ నొక్కితే టక్ మని పడుతుంది. ఎన్ని మిల్లీ సెకన్లలో పడిందో, సరిగ్గా ఎంత లీకేజీకి పడుతుందో బటన్ చెప్పదు. స్విచ్ కదులుతోందని మాత్రమే చెబుతుంది.

ఎర్తింగ్ లేకపోతే ఆర్‌సీసీబీ పని చేయదా?

చేస్తుంది, కానీ మీ ఒంటి మీదుగా కరెంటు పోయాకే చేస్తుంది.

గీజర్ ఎలిమెంట్ చిల్లుపడి లోపలి ట్యాంకుకి కరెంటు తగిలిందనుకుందాం. ఎర్తింగ్ బాగుంటే ఆ క్షణమే కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోతుంది, ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్తింగ్ లేకపోతే ట్యాంకూ పైపూ అలా కరెంటుతో కాచుకుని ఉంటాయి. మీరు కుళాయి పట్టుకున్నప్పుడే లీకేజీ మొదలవుతుంది. అప్పుడు పడుతుంది, బతికిస్తుంది కూడా. కానీ ఆ షాక్‌కి బాత్రూంలో వెనక్కి పడి తల పగిలితే ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది?

దీన్ని తిరగేసి కూడా అడుగుతారు: ఎర్తింగ్ బాగుంది, ఆర్‌సీసీబీ లేకపోతే ఏం? లెక్క వేసి చూడండి. మన ఇళ్లలో ఎర్త్ పిట్ నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుంటే, 230 వోల్టులని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. గీజర్‌కి ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. గీజర్ బాడీ కరెంటుతో అలాగే ఉండిపోతుంది. అదే ఆర్‌సీసీబీకి 11.5 ఆంపియర్లంటే తను చూసుకునే హద్దుకి కొన్ని వందల రెట్లు, వెంటనే పడుతుంది. కాబట్టి రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడం కుదరదు.

కొండవాలు మీద కట్టిన ఇళ్లలో కింద రాయి తగలడంతో ఎర్త్ పైపు తగినంత లోతుకి దిగదు. ఎండాకాలంలో నేల ఆరిపోయి నిరోధం పెరుగుతుంది, అందుకే ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయమనేది. పాత అపార్ట్‌మెంట్లలో ఇంకో చిత్రం. పార్కింగ్‌కి టైల్స్ వేయించినప్పుడు ఎర్త్ పిట్ మూతల మీద కూడా వేసేస్తారు. పదేళ్ల తర్వాత అసోసియేషన్లో ఎవర్ని అడిగినా ‘ఎక్కడో ఇక్కడే ఉండాలి’ అంటారు.

మీటరుతో చేసే టెస్ట్‌లో ఏం చూస్తారు?

ఆర్‌సీసీబీ టెస్టర్ అని వేరే మీటరు ఉంటుంది. దాన్ని ప్లగ్ పాయింట్‌లో పెట్టి ఫేజు నుంచి ఎర్త్‌కి కొలిచిన కరెంటు పంపుతారు. ముందు 15 మిల్లీ ఆంపియర్లు పంపితే పడకూడదు. 30 పంపితే 300 మిల్లీ సెకన్లలోపు పడాలి. అయిదు రెట్లు, అంటే 150 పంపితే 40 మిల్లీ సెకన్లలోపు పడాలి. ఆర్‌సీసీబీల భారతీయ ప్రమాణం ఐఎస్ 12640లో ఉన్న హద్దులివి. కరెంటు నిజమైన ఎర్త్ వైరు గుండా పోతుంది కాబట్టి ఆ ప్లగ్‌కి ఎర్త్ వచ్చిందో లేదో కూడా దీంతో బయటపడుతుంది.

దీంతోపాటు ఇంకో రెండు కొలతలు చేయించండి. ఒకటి ఎర్త్ నిరోధం. రెండోది మెగ్గర్ అనే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో 500 వోల్టుల మీద వైరింగ్ ఇన్సులేషన్, అది కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. మెగ్గర్ పెట్టే ముందు టీవీ, ఫ్రిజ్, ఎల్ఈడీ లైట్లు, ఆర్‌సీసీబీ అన్నీ విడదీయాలి, లేకపోతే వాటి బోర్డులు పోతాయి. ఈ సంగతి మీరడగకముందే తనే చెప్పే ఎలక్ట్రీషియన్‌కి పని తెలుసని నా లెక్క.

సముద్రానికి దగ్గరగా ఉంటే ఏడాదికోసారి, లోపలికి ఉంటే రెండు మూడేళ్లకోసారి మీటరు టెస్ట్ చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ‘అంతా ఓకే’ అనే మాట కాకుండా అంకెలు కాగితం మీద రాయించుకోండి. 30 మిల్లీ ఆంపియర్లకి ఈ ఏడు 22 మిల్లీ సెకన్లు ఉన్నది వచ్చే ఏడు 180 అయిందంటే, పరికరం ఇంకా పాసైనా అది నెమ్మదిస్తోందని మీకు తెలుస్తుంది.

మా ఎలక్ట్రీషియన్ మీటరు వద్దు, బల్బుతో చెక్ చేస్తానంటున్నాడు. చేయించొచ్చా?

వద్దనండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెడితే 400 మిల్లీ ఆంపియర్లకి పైగా పోతుంది. అంత కరెంటుకి సగం చచ్చిపోయిన ఆర్‌సీసీబీ కూడా పడుతుంది, 30కి పడుతుందా లేదా అన్నది తెలియదు. అంతకన్నా భయం ఏంటంటే, ఎర్త్ వైరు ఎక్కడో తెగి ఉండి ఆర్‌సీసీబీ కూడా పడకపోతే, ఆ బల్బు గుండా కరెంటు ఎర్త్ వైరుకి ఎక్కి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్ బాడీలన్నిటికీ పాకుతుంది. లైన్ టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో ఎర్త్ చూశాననేది కూడా ఇలాంటి మాటే.

కరెంటు పోయినప్పుడు నొక్కితే పడలేదు. పాడైందా?

పాడవలేదు. టెస్ట్ బటన్ పని చేయాలంటే సప్లై ఉండాలి. కరెంటు వచ్చాక మళ్లీ నొక్కండి.

ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఆర్‌సీసీబీ కాపాడుతుందా?

వైరింగ్‌ని బట్టి ఉంటుంది, చాలా ఇళ్లలో భరోసా ఇవ్వలేం. కరెంటు పోయాక ఆ లైన్లకి ఇన్వర్టరే సోర్స్. దాన్నుంచి వెళ్లిన కరెంటు లైట్లు, ఫ్యాన్ల గుండా తిరిగి దాని దగ్గరికే వస్తుంది. మెయిన్ డీబీలో ఉన్న ఆర్‌సీసీబీ ఆ దారిలో లేకపోవచ్చు. ఇన్వర్టర్ అవుట్‌పుట్ మీద విడిగా ఇంకో ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఈ లోటు పోతుంది. దాని బటన్‌ని మెయిన్ కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఒకసారి నొక్కి చూడండి. రెండుసార్లూ పడాలి.

ఇన్వర్టర్ పెట్టిన రోజు నుంచే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందంటే న్యూట్రల్ కలగలిసిపోయిందని అనుమానించాలి. ఫేజు ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని న్యూట్రల్ మాత్రం తర్వాతి లింక్‌లో కలిపేస్తే లెక్క తేడా రాక ఏమవుతుంది? పరికరం తప్పేమీ లేదక్కడ. అయినా నింద దాని మీదే పడుతుంది, తీసి పారేస్తారు.

ఇంకో జాగ్రత్త: మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. ఫ్యాను రెగ్యులేటర్ మార్చుకుందామని మెయిన్ ఆపి చెయ్యి పెట్టేవాళ్లు ఇన్వర్టర్ కూడా ఆపాలి.

వాన పడితే చాలు, పడిపోతోంది. ఏం చేయాలి?

అక్టోబరు, నవంబరుల్లో ఇది మన ఊరి మామూలు ఫిర్యాదు. పడుతోందంటే ఎక్కడో నిజంగానే లీకవుతోందని అర్థం. గేటు దగ్గరి లైటు, మేడ మీద ట్యాంకు ఫ్లోట్ స్విచ్ వైరు, బోరు మోటారు స్టార్టర్, గోడలో తేమెక్కిన స్విచ్‌బోర్డు అనేవి మొదటి అనుమానితులు. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ రండి. ఏది వేయగానే పడిందో ఆ లైను ఆపి ఉంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇలా వెతికినా దొరకని రకం ఒకటుంది, జనం డబ్బు వృథా చేసేది ఎక్కువగా దాని దగ్గరే. ఏదో ఒక ప్లగ్ బాక్సులో న్యూట్రల్ వైరు ఇన్సులేషన్ నలిగి ఎర్త్‌కి తగులుతూ ఉంటుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే ఆపుతుంది, న్యూట్రల్‌ని కాదు. కాబట్టి ఆ లైను ఎంసీబీ దించినా తప్పు అలాగే ఉంటుంది. తక్కువ లోడు ఉన్నంతసేపూ ఏమీ అవదు. గీజర్ వేయగానే న్యూట్రల్ కరెంటు పెరిగి, అందులో కొంత ఎర్త్ దారిన పోయి, ఆర్‌సీసీబీ పడుతుంది. గీజర్‌దే తప్పనుకుని కొత్త గీజర్ కొంటారు, మర్నాడు అదీ పడుతుంది. తప్పు మాత్రం హాల్లో టీవీ వెనక బాక్సులో ఉంటుంది. న్యూట్రల్ లింక్‌లోంచి వైర్లు ఒక్కొక్కటే విప్పి మెగ్గర్ పెడితే తప్ప ఇది దొరకదు.

ఏమైనా సరే, బైపాస్ మాత్రం చేయించకండి. ‘వానలు తగ్గాక మళ్లీ కలుపుతా’ అని వెళ్లిన ఎలక్ట్రీషియన్ మళ్లీ రాడు, మీకూ గుర్తుండదు.

ఆర్‌సీసీబీ ఉన్నా షాక్ కొట్టింది. అంటే పని చేయనట్టేనా?

షాక్ అసలు తగలకుండా అది ఆపలేదు. తగిలాక ఎంతసేపు ఉంటుందన్నదే దాని చేతిలో ఉంది. జివ్వుమని తగిలి వెంటనే పడిపోయిందంటే దాని పని అది చేసింది. 15 మిల్లీ ఆంపియర్లకంటే తక్కువ లీకేజీ అయితే షాక్ తగులుతుంది కానీ ఆర్‌సీసీబీ పడదు.

అది గుర్తుపట్టలేని షాక్ కూడా ఒకటుంది. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడి, భూమిలోకి ఏమీ పోకపోతే ఆర్‌సీసీబీకి మీరూ ఒక లోడే. వెళ్లినదీ వచ్చినదీ సమానం. ఆర్‌సీసీబీ ఉంది కదా అని కరెంటు ఉండగా హోల్డర్ విప్పకూడదనేది అందుకే.

మాది త్రీ ఫేజ్. టెస్ట్‌లో తేడా ఉందా?

నాలుగు పోళ్ల (మూడు ఫేజులకీ న్యూట్రల్‌కీ ఒక్కో పోల్) ఆర్‌సీసీబీలో టెస్ట్ బటన్ రెండు నిర్దిష్టమైన పోళ్ల మధ్యే కలిసి ఉంటుంది. ఆ ఫేజు పోయి ఉంటే మిగతా రెండు ఫేజులున్నా బటన్ పని చేయకపోవచ్చు. మూడు ఫేజులూ ఉన్నప్పుడే నొక్కి చూడండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఐఎస్ఐ మార్కు, 30 మిల్లీ ఆంపియర్లు. 100, 300వి అగ్నిప్రమాదం నుంచి రక్షణకి, మనిషి రక్షణకి కాదు, ధర తక్కువైనా తీసుకోకండి. ఇన్వర్టర్ ఏసీ, కొత్త వాషింగ్ మెషీన్, ఇండక్షన్ స్టవ్ ఉన్న ఇంట్లో ‘ఏసీ’ టైపు కన్నా ‘ఏ’ టైపు మేలు, ఎందుకంటే ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి వచ్చే లీకేజీని మామూలు ‘ఏసీ’ టైపు సరిగా పట్టుకోలేకపోవచ్చు. ఎలక్ట్రిక్ కారు చార్జర్‌కి విడిగా, దాని తయారీదారు చెప్పిన రకమే వేయించండి. ఖర్చుకి వెనకాడకపోతే లైనుకొక ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండు పనులూ చేసే స్విచ్) పెట్టుకోవచ్చు. ఒక లైను పడినా మిగతా ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతాయి, తప్పు ఎక్కడుందో కూడా వెంటనే తెలుస్తుంది.

ఇది పెట్టుకోవాలని రూల్ ఏమైనా ఉందా?

సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే ఎర్త్ లీకేజీ రక్షణ గురించి ఉండేది, 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. 2010 నిబంధనల్లో చిన్న లోడు కనెక్షన్లకి మినహాయింపు ఇచ్చారు. షాక్‌కి ఆ మినహాయింపు సంగతి తెలియదు, కాబట్టి చిన్న ఇల్లయినా పెట్టుకోండి.

వినాయక చవితి పందిరికి కావాలా?

ఇంటికన్నా ముందు అక్కడే కావాలి. ఇనుప పైపులు, వాటికి చుట్టిన సీరియల్ లైట్లు, కింద బురద, చుట్టూ పిల్లలు, పైన భాద్రపద మాసపు వాన. పక్కింట్లోంచి వైరు లాక్కోకుండా ఈపీడీసీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. పందిరి ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం లైట్లు వేసే ముందు బటన్ నొక్కడం కమిటీలో ఒకరికి అప్పగించండి.

తుపాను తర్వాత ఏం చూసుకోవాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చాలా స్తంభాలు నేలకొరిగాక, నగరంలో చాలాచోట్ల భూగర్భ కేబుళ్లు వేశారు. అది వీధి వరకే, ఇంటి లోపలి వైరింగ్ ఆ పాతదే. నీళ్లు డీబీదాకా ఎక్కితే ఆరబెట్టి వాడే ఆలోచన మానండి. తడిసిన ఆర్‌సీసీబీ, ఎంసీబీలు మార్చేయాల్సిందే. ఉప్పునీరైతే మరీను. బయట వైరు తెగి పడి ఉంటే దగ్గరికి వెళ్లకుండా 1912కి ఫోన్ చేయండి.

ఎవరికైనా షాక్ కొడితే?

ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ కూడా. ఆపడం కుదరకపోతే పొడిగా ఉన్న కర్రతో మనిషిని వైరు నుంచి విడదీయండి, మీ కాళ్ల కింద తడి లేకుండా చూసుకోండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేక ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకి దిగేలా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. మనిషి లేచి కూర్చుని ‘నాకేం కాలేదు’ అన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.

అద్దె ఇల్లు. ఓనరు గారు పెట్టించనంటున్నారు. ఏం చేయాలి?

ముందు గీజర్ లైను ఒక్కదానికైనా ఆర్‌సీబీఓ వేయనివ్వమని అడగండి, డబ్బు మీరే పెట్టుకున్నా ఫర్వాలేదు, ఖాళీ చేసేటప్పుడు విప్పించి తీసుకెళ్లొచ్చు. దానికీ ఒప్పుకోకపోతే బకెట్లో పెట్టే హీటర్ రాడ్‌ని ఆ ఇంట్లో వాడకండి. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో దానికన్నా ప్రమాదకరమైన వస్తువు ఇంకోటి లేదు. నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి.